పని దిగే గంట

మాచర్ల దాటాక కొండల్లో ఎప్పుడో మూతపడ్డ సీసం గని ఉంది. ఈమధ్య దాని మీదుగా నడకదారి వేసి, రాళ్ళ మీద బాణం గుర్తులు పెట్టారు. నా మెకానిక్ షెడ్డుకి ఆదివారం కూడా సెలవుండదని నా భార్య ఫరా ఒకటే సణుగుడు. సరేనని ఓ సాయంత్రం ఆమెను ఎక్కించుకుని అక్కడికి బండి తీశాను.

పైన కూలీల పాత క్వార్టర్లకు కప్పుల్లేవు. గోడల మధ్య సర్కారు కంప పెరిగింది. గని నోటి దగ్గర వేపకొమ్మకు రైలు పట్టా ముక్క వేలాడుతోంది. మేకల్ని తోలుకుపోతున్న రామాయమ్మ అనే ముసలామె నన్ను చూసి ఆగింది.

"దాన్ని కొట్టబాక నాయనా. పని దిగే గంట అది. కొట్టినోడు లోపలోళ్ళంతా వచ్చిందాకా నిలబడి, ఇక ఇళ్ళకు పోండని చెప్పాల. మా ఆయన చెప్పేవోడు."

ఆమె దిగిపోయింది. ఫరా గని నోట్లోకి నాలుగడుగులు వేసింది. "చానా చల్లగా ఉందయ్యా, రా!"

నాకు కోతి బుద్ధి పుట్టింది. రాయి తీసుకుని పట్టా ముక్కను ఠంగుమని కొట్టాను. "డ్యూటీ దిగండహో!"

ఫరా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ముందు చల్లటి గాలి. వెనకే మందుగుండు, చెమట కలిసిన వాసన. తర్వాత... అడుగులు. ఎవరివో భుజాలు నన్ను రాసుకుంటూ పోతున్నాయి. ఒక్కరూ కనబడలేదు.

"వసీం..." లోపల్నుంచి ఫరా గుసగుస. "కదలబాక. నేనొచ్చిందాకా ఆడే ఉండు."

నిలబడాలి. ఒక్క మాట చెప్పాలి. కాళ్ళు మాత్రం పరిగెత్తాయి. కట్టుకున్న పెళ్ళాన్ని చీకట్లో వదిలేసి బండి దాకా వచ్చి పడ్డాను.

కాసేపటికి ఫరా వచ్చింది. జుట్టు నిండా బూడిదరంగు దుమ్ము. తిట్టలేదు. వెనక కూర్చుంది.

"నువ్వు ముందే దిగావనుకున్నా" అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

దారంతా బండి లాగలేకపోయింది. నా చేత్తో చేసిన ఇంజను, దానిలో తప్పేం లేదు.

ఇంటికి రాగానే ఫరా అటక మీంచి పెద్ద బిర్యానీ డేగిశా దించి, దాని నిండా బియ్యం పోసి కడగసాగింది.

"ఇన్నెందుకే? ఇద్దరమేగా."

"పిలిచింది నువ్వు. పొమ్మని చెప్పకపోతివి. పస్తుండమంటావా?"

గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేది. నా వల్లే కదా ఇదంతా! ఇక తట్టుకోలేక గోడల వంక, గుమ్మం వంక చూస్తూ అరిచాను. "తప్పయింది! ఇళ్ళకు పోండి!"

ఫరా చేతులు కడుక్కుంది. "సరే, పోతాం" అని వీధి తలుపు తీసింది.

"నిన్ను కాదు... ఫరా! నీ ఇల్లు ఇదే కదే!"

తిరిగి చూడలేదు. కొండవైపు మలుపు తిరిగి పోయింది. ఆమె వెళ్ళిపోయాక కూడా, ఖాళీ వీధిలో కుక్కలు చానాసేపు ఎవరికో దారిస్తూ పక్కకు జరుగుతూనే ఉన్నాయి.