ఊరు విడిచి వెళ్లిన తొమ్మిది మంది

రైలు సొరంగంలోకి దూరేటప్పుడు రవికుమార్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"సార్, రిజిస్టర్ ఫొటోలు నా దగ్గరే ఉన్నాయి. సార్... వినిపిస్తోందా?"

అవతల విశాఖపట్నంలో స్పెషల్ వింగ్ ఏజెంట్ ధర్మతేజ "వింటున్నా, చెప్పు" అన్నాడు. లైన్‌లో గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. కాల్ కట్ అయింది.

అరకు నుంచి దిగుతున్న ఆ అద్దాల బోగీ వెలుగులోకి వచ్చేసరికి రవికుమార్ కిటికీకి తల ఆనించి ఉన్నాడు. మెడ మీద సూదిమొనంత ఎర్రచుక్క. ఫోన్ మాయం.

బస్సులో వస్తానన్నవాడిని, రైలే సేఫ్ అని ఎక్కించింది ధర్మతేజే. అప్పటినుంచి ఎక్కడ ఫోన్ మోగినా అతనికి ముందు ఆ ఊపిరే వినిపిస్తోంది.

"మందు పేరు కాల్విరెన్." చీఫ్ లక్ష్మీప్రసాద్ ఫైల్ తెరిచాడు. "మూర్ఛకి. మనిషికి ఏడాదికి పద్దెనిమిది లక్షలు అడుగుతోంది కంపెనీ."

"ఎవరు ఇస్తారు సార్ అంత?"

"ప్రభుత్వాలు. ఎల్లుండి శుక్రవారం యూరప్‌లో ఒక దేశం కమిటీ ఆన్‌లైన్‌లో కూర్చుంటుంది. ఈ బిల్లు సర్కారే కట్టాలా వద్దా అని ఓటు. వాళ్లు సరే అంటే, ఆ ధర చూసే ఇంకో పన్నెండు దేశాలు తమ ధర ఖాయం చేసుకుంటాయి. రిఫరెన్స్ ప్రైసింగ్. తర్వాత అదే కాగితం పట్టుకుని మన దగ్గరికీ వస్తారు."

"మన పని?"

"ట్రయల్ జరిగింది జి.మాడుగుల కొండల్లో. నలభై ఒక్క మంది మీద. తొమ్మిది మంది ఊరు విడిచి వెళ్లారని రిపోర్టులో రాశారు. వాళ్లంతా చనిపోయారని డేటా ఎంట్రీ చేసిన రవికుమార్ కనిపెట్టాడు. సాక్ష్యం ఒక్కటే, ఆశా వర్కర్ కృపావతి రాసుకున్న రిజిస్టర్. దానికోసం కంపెనీ తరఫున క్లెమెంట్ అనే విదేశీయుడి ముఠా అరకులో దిగింది."

చీఫ్ ఒక ఫొటో ముందుకు తోశాడు. కూలింగ్ గ్లాసెస్, ఎర్రటి పెదవులు, ఎవర్నీ లెక్కచేయని చూపు.

"భానుశ్రీ. రెండేళ్లుగా ఆ ముఠాలో మన మనిషి. రవికుమార్ పోయిన బోగీలో ఆమె కూడా ఉంది. ఇంకా మన మనిషేనో కాదో నాకు తెలీదు."

శుక్రవారం అరకు సంత. ధర్మతేజ మిరియాల వ్యాపారి వేషంలో ఉన్నాడు. కళ్లజోడులో కెమెరా. పిప్పళ్ల మూట ముందు కూర్చున్న నలభై ఐదేళ్ల ఆవిడ దగ్గర ఆగాడు.

"బెల్లం కాఫీ దొరుకుతుందా?"

"కాఫీ ఉంది. బెల్లం నిరుడే అయిపోనాది."

కోడ్ సరిపోయింది. కృపావతి రాజ్మా సంచి అడుగునుంచి రిజిస్టర్ తీసింది. ధర్మతేజ పేజీలు తిప్పుతూ పోయాడు. కళ్లజోడు ఫొటోలు తీస్తూనే ఉంది గాని, పైకి పంపడానికి సిగ్నల్ లేదు.

"ఈ సేత్తోనే మాత్తర్లు ఇచ్చినాను బాబూ," అంది కృపావతి గొంతు తగ్గించి. "మంచి మందన్నారు, నమ్మినాను. మంగ్లుకి మూడో నెల్లో కళ్లు పసుపైపోనాయి. వోరం తిరిగీసరికి లేడు. ఇప్పటికీ ఆల గుమ్మాల ముందునుంచి నడవలేను. సుట్టూ తిరిగి ఎల్తాను."

అతను చివరి పేజీ తిప్పాడు. రిజిస్టర్ మూసేలోగా వెనకనుంచి సెంటు వాసన.

"రిజిస్టర్ నాకివ్వండి," అంది భానుశ్రీ. హ్యాండ్‌బ్యాగ్ కింద పిస్టల్ కృపావతి వైపు చూస్తోంది. పక్కన క్లెమెంట్, పొడుగ్గా, చెమట పట్టని మొహంతో. "అరవకు ధర్మతేజా. కారెక్కు," అంది ఆమే.

కొండ మీద రిసార్ట్. పెరట్లో బొంగులో చికెన్ కాలుతోంది. క్లెమెంట్ ధర్మతేజ కళ్లజోడు లాగి కాలికింద నలిపాడు. రిజిస్టర్‌ని ఆ నిప్పుల్లో వేశాడు. కృపావతి కన్నార్పకుండా చూసింది. కొండమీది పొగమంచు పెరట్లోకి దిగివచ్చి, పొగతో కలిసిపోయింది.

సమయం నాలుగుంపావు. గదిలో శాటిలైట్ ఇంటర్నెట్, పెద్ద స్క్రీన్, దాని నిండా కమిటీ మొహాలు. ఓటుకి ముందు రోగుల తరఫున ఒకరు మాట్లాడాలి. మందు వల్ల తన ఊరు బాగుపడిందని చెప్పడానికి ముఠా డబ్బిచ్చి మాట్లాడుకున్న మనిషి రాలేదు.

"ఈవిడని కూర్చోబెడదాం," అంది భానుశ్రీ ఇంగ్లిష్‌లో. "ఏ భాషలో ఏడ్చినా ఫర్వాలేదు. ట్రాన్స్‌లేట్ చేసేది నేను."

క్లెమెంట్ నవ్వాడు. కెమెరాకి కనపడని మూలలో ధర్మతేజ మెడకి సూది పెన్ను ఆనించాడు. "కదిలితే రవికుమార్ దగ్గరికే."

భానుశ్రీ కృపావతి వైపు తిరిగి తెలుగులో, మర్యాదగా అంది. "అమ్మా, చెప్పాల్సింది చెప్పండి."

"పుస్తకం కాలిపోనాది కదా."

"రాసింది మీరే కదమ్మా."

కృపావతి కొంగు సర్దుకుంది. "మంగ్లు. ముప్పై నాలుగేళ్లు. మీ కాయితంలో ఏడో నంబరు. ఆగస్టు పన్నెండున సచ్చిపోనాడు."

భానుశ్రీ మైకులోకి లోగొంతుకతో ఇంగ్లిష్‌లో అదే చెప్పింది. మాట పొల్లుపోకుండా. తెలుగులో 'మంగ్లు', ఇంగ్లిష్‌లోనూ 'మంగ్లు'.

"కనక. పందొమ్మిదో నంబరు. గుంట ఒట్టి మనిషి కాదు, ఐదో నెల. సుక్రు. గాసి. గాసిని మోసింది నేనూ, ఆల తమ్ముడూ."

స్క్రీన్ మీద ఒక ముసలాయన కళ్లద్దాలు తీశాడు. క్లెమెంట్‌కి ఇంగ్లిష్ ముక్క ఒకటి చెవిలో పడింది: డెడ్. మళ్లీ: డెడ్. అతను ఇంటర్నెట్ కేబుల్ వైపు దూకాడు. ధర్మతేజ అతని మణికట్టు పట్టి విరిచాడు. సూది పెన్ను గచ్చుమీద దొర్లింది. ఇద్దరూ టీపాయ్ మీదుగా కూలారు. క్లెమెంట్ రెండో చెయ్యి కేబుల్ అందుకుంది, లాగబోయింది. ధర్మతేజ దాన్ని మోకాలితో నేలకి అదిమాడు.

పైన కృపావతి గొంతు ఆగలేదు. "బేబి. యర్రమ్మ." ఇంకో ముగ్గురు. తొమ్మిదో పేరు మాత్రం రెండుసార్లు చెప్పింది.

ఓటుకి ముప్పై సెకన్లు. చైర్‌పర్సన్ అదే స్క్రీన్‌లో ఉన్న కంపెనీ లాయర్‌ని అడిగింది. "ఈ తొమ్మిది మందిని కెమెరా ముందు చూపించగలరా?"

"మేడమ్, వాళ్లు ఊరు విడిచి వెళ్లారు."

"ఎక్కడికి?"

లాయర్ నోరు తెరిచాడు. మూశాడు. ఓటు ఆగిపోయింది.

చీఫ్ పంపిన పోలీసులు క్లెమెంట్‌ని జీపెక్కించాక భానుశ్రీ వరండా మెట్టు మీద కూర్చుంది. లిప్‌స్టిక్ చెరిగిపోయింది.

"సూది గుచ్చింది అతను. కాల్ కట్ చేసింది నేను. అరిస్తే రెండేళ్ల పని పోతుందని..."

"ఊపిరి వినపడింది," అన్నాడు ధర్మతేజ.

"నాదే."

"రైలెక్కించింది నేను."

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు. లోయలో ఎక్కడో గూడ్సు బండి కూత వేసింది. ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు.

చీకటి పడేలోపే కమిటీ నుంచి మెయిల్ వచ్చింది. ధన్యవాదాలు, ఒక ఫారం. కంపెనీ నుంచి ఏ లాభమైనా పొందారా, దాచకుండా తెలపాలట.

కృపావతి ప్రింటు తీసిన ఫారాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఓ గొడుగు ఇచ్చినారు బాబూ. రాసీమంటావేటి?"

"రాయండి," అన్నాడు ధర్మతేజ.

అప్పటికే చినుకులు మొదలయ్యాయి. ఆవిడ సంచిలోంచి ఆ గొడుగే తీసి విప్పింది. ఫారం తడవకుండా దానికిందే నింపారు.