కోమల్ ఎడమ కన్ను

పొద్దున్నే ఇరుకు గదుల చాల్ గ్యాలరీలోని నల్లా దగ్గర బిందె నింపుకుని లోపలికి వచ్చింది శాంతాబాయి. కూతురు కోమల్ అద్దం ముందు తల దువ్వుకుంటోంది. ఆ రోజే ఆమెకు కొత్త కన్ను పెడతారు. పదహారేళ్ళుగా ఖాళీగా ఉన్న ఎడమ కంటి గుంటను కంప్యూటర్‌తో కొలిచారు. కుడి కంటిని ఫొటో తీసి, అదే రంగు, అవే సన్నని ఎర్ర నరాలతో కృత్రిమ కన్నును మిషన్ మీద అచ్చు వేశారు.

"ఇంక ఎవ్వరూ అడగరు బిడ్డా," అన్నాడు తండ్రి రాజలింగం చాయ్ తాగుతూ. "చూసినోళ్ళకు అసలు సమజే కాదు."

కోమల్ చటుక్కున తిరిగింది.

"ఏం సమజ్ కాదు బాపూ? నా కన్ను పోయిందనా, నువ్వు పోగొట్టినవనా?"

శాంతాబాయి గబగబా తలుపు మూసింది. "మెల్లగ మాట్లాడే! పక్కోళ్ళు వింటరు."

"విననియ్యి. బాపు తాగొచ్చి నీ మీదికి సీసా ఇసిరిండు. పలిగిన పెంకు నా కంట్ల పడ్డది. దవాఖాన్ల ఏం చెప్పినవమ్మా? జీనా మెట్ల మీదికెళ్ళి పడ్డదని. ఎనిమిదేండ్ల పిల్లను, నాతోని గూడ గదే చెప్పిచ్చినవు."

"ఆ దినం సంది మల్ల మందు ముట్టలే గద బిడ్డా," అన్నాడు రాజలింగం నేల చూస్తూ.

"ముట్టకుంటే నా కన్నొచ్చిందా?"

ఆయన కప్పు కింద పెట్టేశాడు.

గ్రాంట్ రోడ్ దగ్గరి క్లినిక్‌కు ముగ్గురూ నడిచి వెళ్ళారు. కన్ను తయారు చేసిన నీత, దాన్ని జాగ్రత్తగా కోమల్ రెప్పల మధ్య అమర్చింది. శాంతాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నీత కాగితం తీసి, కన్ను ఎలా పోయిందని హిందీలో అడిగింది.

"జీనా మీది నుంచి..." అలవాటుగా మొదలుపెట్టింది శాంతాబాయి.

"కాదు మేడమ్," అన్నాడు రాజలింగం. "నేనే పోగొట్టిన. నా చేత్తోని."

నీత రాయడం ఆపింది. కోమల్ తండ్రి వైపు చూసింది. ఈ మాట కోసం ఎన్నేళ్ళు ఎదురుచూసిందో! తీరా విన్నాక సంతోషం కలగలేదు.

"ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?"

"ఒప్పుకుంటే నువ్వు నన్ను బాపూ అని పిల్వవేమోనని భయం బిడ్డా."

ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

తిరిగి వస్తుంటే ఫాక్‌లాండ్ రోడ్ మీద బండ్లు ఆగకుండా పోతున్నాయి. కొత్త కన్ను అందంగా ఉంది గానీ దానికి చూపు లేదు. ఎడమవైపు నుంచి వచ్చేవేవీ కోమల్‌కు కనబడవు. రాజలింగం ఆ వైపుకు వచ్చి నడిచాడు. కోమల్ ఆయన చెయ్యి పట్టుకోలేదు. దూరం జరగమని కూడా అనలేదు.