బతికున్నావిడ వెంట్రుక

"ఈ పటం గుర్తుపట్టావా?" స్క్రీన్ మీద ఫోటో నిలిపి అడిగాడు బాస్.

ఏజెంట్ చూడగానే గుర్తుపట్టాడు. అది తన భార్య పుట్టింటి పట్టు పటం. తరాల నాటిది. వెలిసిన పట్టు మీద ఒక కొలను, దాని చుట్టూ కొంగలు. ఆ ఇంట్లో ఆడమనిషి పోతే, ఆమె దువ్వెనకి మిగిలిన వెంట్రుకలతో ఒక కొంగను కుట్టేవారు. బతికున్నవాళ్ళ వెంట్రుక అందులో పడకూడదని గట్టి పట్టింపు. చివరి కొంగ అతని భార్యది. ఆమె కూడా ఏజెంటే. ఒక మిషన్‌లో పడవ తగలబడి ఆమె చనిపోయిందని బాసే స్వయంగా వచ్చి చెప్పాడు. అత్తయ్య ఏడుస్తూ కుడుతుంటే, వెంట్రుకని సూదిలోకి ఎక్కించి ఇచ్చింది ఇతనే.

"విదేశీ ముఠా మనుషులు కొట్టేశారు. హార్బర్‌లో మనం నీటి కింద పెట్టిన మైన్‌ల మ్యాప్‌ని చుక్కంత మైక్రోడాట్‌గా చేసి, ఒక కొంగ కంట్లో దాచారు. ఈరోజు వేలంపాటలో వాళ్ళ మనిషే కొంటాడు. ఈలోగా ఆ డాట్ తీసి మన దొంగ మ్యాప్ పెట్టు. దాన్ని నమ్మి వాళ్ళ సబ్‌మెరైన్ నేరుగా మన వల్లో పడాలి. లోపల మనకో డబుల్ ఏజెంట్ ఉంది. కోడ్‌వర్డ్, 'పట్టుకి ఎండ పడదు'."

వేలంశాల వెనకగది. తెల్లకోటు, అంటించుకున్న గడ్డం, అల్ట్రావయొలెట్ బల్బు దాచిన భూతద్దం. పాత పటాలు బాగుచేసేవాడి వేషంలో ఏజెంట్ పని మొదలెట్టాడు. తలుపు తెరుచుకుంది. ఎర్ర విగ్గు, నల్ల కళ్ళద్దాలు, మోచేతుల దాకా గ్లవ్స్. బయట గుమాస్తాలు పని మానేసి ఆమెనే చూస్తున్నారు. ఆమె తలుపు మూసింది.

"పట్టుకి ఎండ పడదు."

"నీడలోనే ఉంచాం."

"గడ్డం ఊడుతోందండీ," అంది, కాస్త నవ్వుతూ.

ఆ గొంతు అతని భార్యది. "నువ్వు... బతికే ఉన్నావా?"

"బాస్‌కి తెలుసు. మీకు తెలిస్తే ఏడవరని, మీరు ఏడవకపోతే వాళ్ళు నమ్మరని చెప్పనివ్వలేదు."

భూతద్దం కింద చిట్టచివరి కొంగ కంట్లో డాట్ నీలంగా మెరిసింది. ఆమె వంగి చూసింది.

"ఇది నాదా?"

అతను తలూపాడు.

"ఎంత బాగా కుట్టిందో అమ్మ!" వేలితో కొలనంతా తడిమింది. "దీని తర్వాత ఇంకో కొంగ లేదు. అమ్మ బాగుందన్నమాట."

అత్తయ్య పోయి చాలాకాలమైంది. కొంగను కుట్టడానికి ఆ ఇంట్లో ఆడదిక్కు మిగల్లేదు.

"బాగుంది," అన్నాడు ఏజెంట్. అంత కష్టమైన అబద్ధం అతను శత్రువులతో కూడా ఆడలేదు.

కత్తెరతో కంటి కుట్లు విప్పి డాట్ మార్చాడు. మళ్ళీ వెంట్రుకతోనే కుట్టాలి. నడవాలో బూట్ల చప్పుడు. ఆమె విగ్గు పైకెత్తి తన జుట్టులోంచి ఒక వెంట్రుక పీకింది. అది నెరిసింది.

"వద్దు! బతికున్నవాళ్ళది అందులో..."

"నేను బతికున్నానని ఎవరితో చెప్పుకోను? ఎక్కించి ఇవ్వండి."

ఇచ్చాడు. ఆమె కుడుతూనే ఉంది.

"ఇంటికొచ్చేయ్. సబ్‌మెరైన్ పట్టుబడితే ముందు నీ పీకే పట్టుకుంటారు."

"ఇప్పుడు నేను మాయమైతే మ్యాప్ మీద అనుమానం వస్తుంది. సబ్‌మెరైన్ రాదు. హార్బర్ పక్కన ఊరుంది కదండీ." ఆమె ఇంకో కుట్టు వేసింది. "అమ్మకి మాత్రం చెప్పకండి. తను రెండోసారి ఏడ్చి తట్టుకోలేదు."

తలుపు గడియ తిరిగింది. ఆమె వెంట్రుకని పంటితో తెంపి, విగ్గు కిందికి లాక్కుంది. ముఠా మనిషి లోపలికొచ్చి లెన్స్ పెట్టి చూశాడు. నెరిసిన కుట్టు మీద అతని చూపు ఆగింది.

"అసలైన పాత సరుకు," అని మెచ్చుకున్నాడు ముఠా మనిషి.

పాట ముగిశాక ఆమె పటంతో సహా ముఠా కారెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూసుంటే తను ఆమె వెంట పరిగెత్తేవాడినని అతనికి తెలుసు.

సబ్‌మెరైన్ వల్లో పడింది. ఆ మర్నాటి నుంచి డబుల్ ఏజెంట్ వైర్‌లెస్ మూగబోయింది. ఊళ్ళో పిల్లలు ఎప్పట్లాగే బడికెళ్ళారు.

"గ్రేట్ జాబ్," బాస్ రిపోర్టు మీద పెన్ను పెట్టాడు. "మనవైపు ప్రాణనష్టం ఏమని రాయను?"

"ఏమీ లేదని రాయండి సార్. ఆవిడ మీ ఫైల్లో ఎప్పుడో పోయింది కదా."