శబ్దం ఏమైనా ఇబ్బంది పెడుతోందా?

పొద్దున్నే కాఫీ కంటే ముందు నేను చేసే పని ఫోనులో రివ్యూలు చదవడం. టూరిస్టుల ఊళ్ళో పబ్బు నడిపేవాళ్ళకు ఇది తప్పదు. వచ్చినవాళ్ళు ఈ జన్మలో మళ్ళీ రారు గానీ, పోతూ పోతూ మన నెత్తిన నాలుగు మాటలు రాసి పోతారు. ఒకాయనకు మా చేపముక్కలు కరకరలాడతాయి. అదే పూట పక్క టేబుల్ ఆయనకు అవే ముక్కలు చెప్పు అట్టలు. ఒకావిడ మా గోడల చెక్కపని, ఇత్తడి బీరు పంపులు, మసక అద్దాలు చూసి అచ్చం ఇంగ్లండులో ఉన్నట్టే ఉందని మురిసిపోతుంది. ఇంకొకావిడ నిజంగానే ఇంగ్లండు నుంచి వచ్చి, ఇలాంటి పబ్బు తమ దేశంలో ఎక్కడా చూడలేదని రాస్తుంది. వాకిట్లో ఎర్ర టెలిఫోన్ బూత్ ముందు ఫొటోలు దిగి, లోపల అడుగైనా పెట్టకుండా రెండు స్టార్లు పడేసినవాళ్ళు కూడా ఉన్నారు.

అందరికీ నేనే జవాబు రాస్తాను. అక్క ఉన్నప్పుడూ ఆ పని నాదే. పబ్బును ఇద్దరం కలిసి లీజుకు తీసుకున్నాం. మనుషులతో మాట్లాడడం అక్క వంతు. మిషన్లు, మరమ్మతులు, ఫోను నా వంతు. అక్కను ఎవరేమన్నా నవ్వేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి టేబుళ్ళ దగ్గరికి నన్ను రానిచ్చేది కాదు. మొగుడు వదిలేసి పోయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా గొంతు పెంచగా నేను వినలేదు.

అక్క పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచి అక్క కూతురు నా దగ్గరే ఉంటోంది. మేం దాన్ని పిచ్చుక అంటాం. చదువు మధ్యలో ఆపేసి వచ్చి, కౌంటరు దగ్గర నిలబడి గ్లాసులు తుడుస్తోంది. ఇరవై ఏళ్ళ పిల్ల. రాత్రిళ్ళు నిద్రపట్టకపోతే దిండు పట్టుకుని నా గదికి వచ్చి, "పిన్నీ, కొంచెం జరుగు" అంటుంది. నాకు ఈ లోకంలో ఉన్నది ఆ పిల్ల ఒక్కతే.

ఇక నేను ఎవరికీ చెప్పని సంగతి.

మా సెల్లార్లో బీరు పీపాలు ఉంటాయి. బీరును పై పంపుల్లోకి తోసేది గ్యాసు. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలికంటే బరువు కాబట్టి లీకైతే నేలమీద నీళ్ళలా పరుచుకుంటుంది. అందులోకి దిగిన మనిషికి తెలిసేలోపు కాళ్ళు మడతపడిపోతాయి. అందుకని గోడకు ఒక అలారం ఉంటుంది. ఆ చివరి వేసవిలో మా అలారం ఉండుండి కీ కీ మనేది. సరిగ్గా నాలుగో నంబరు టేబుల్ కిందే. "ఈ చోటు బాగుంది గానీ ఎక్కడో ఏదో కూస్తూనే ఉంది, తల పగిలిపోయింది" అని రివ్యూల మీద రివ్యూలు. వారంలో మా స్టార్లు జారిపోయాయి. పాపం అక్క టేబుల్ టేబుల్‌కూ వెళ్ళి, "శబ్దం ఏమైనా ఇబ్బంది పెడుతోందా?" అని అడిగి, క్షమించమని చెప్పుకునేది. నాకు ఒళ్ళు మండింది. చెమ్మకు అరుస్తోందిలే, సోమవారం మెకానిక్‌ను పిలుద్దాం అనుకుని, శనివారం పొద్దున దిగి ప్లగ్గు పీకేశాను. అక్కకు చెప్పలేదు. ఆ రోజంతా పబ్బు హాయిగా ఉంది. "ఈరోజు ఎవరూ ఏమీ అనలేదే!" అని అక్క ఎంత సంబరపడిందో.

సాయంత్రం పీపా మార్చడానికి దిగింది. ఎంతకీ రాకపోతే నేను వెళ్ళాను. మెట్ల కింద బోర్లా పడి ఉంది.

నేను ముందు ఏం చేశానో తెలుసా? ఊపిరి బిగబట్టి, అక్కను దాటుకుని వెళ్ళి, ప్లగ్గు పెట్టాను. తర్వాత అరిచాను. వచ్చి చూసినవాళ్ళు అలారం పాతదైపోయి వేళకు మోగలేదని రాసుకుపోయారు. పిచ్చుక కూడా అదే నమ్మింది. ఆ నమ్మకం మీదే నేను రెండేళ్ళుగా బతుకుతున్నాను. నిజం తెలిసిన రోజు అది నా మొహం చూడదు.

ఈ సీజను మొదట్లో కొత్తరకం రివ్యూలు మొదలయ్యాయి.

"ఆకుపచ్చ ఏప్రన్ కట్టుకున్న పెద్దావిడది ఎంత మర్యాదో! శబ్దం ఏమైనా ఇబ్బంది పెడుతోందా అని కూడా కనుక్కుంది. ఐదు స్టార్లు."

"ఆకుపచ్చ ఏప్రన్ ఆవిడ ఒకే ప్రశ్న ఏడుసార్లు అడిగింది. ఏ శబ్దమూ లేదు మహాతల్లీ అన్నా వదల్లేదు. కూర్చున్న పావుగంటకే తలనొప్పి. ఊపిరాడలేదు. ఒక్క స్టారు."

పిచ్చుకకూ నాకూ ఉన్నవి నల్ల ఏప్రన్లు. ఆకుపచ్చది కట్టుకున్న మనిషి మా పబ్బులో ఇప్పుడు లేదు.

మొదటిది చదివినప్పుడు గుండెల్లో రాయి పడింది. నాలుగోదానికి అలవాటైపోయింది. ఇది మా పబ్బు గురించి కాదని ఫిర్యాదు పెట్టి, ఒక్కొక్కటీ తీయించేస్తూ వచ్చాను. పిచ్చుక లేచేలోపు ఆ పని అయిపోవాలి. చచ్చిపోయిన అక్క కనబడుతోందన్న భయం కంటే, ఆవిడ అడిగే మాట కూతురి చెవిన పడుతుందన్న భయమే నాకు ఎక్కువగా ఉండేది. ఇది చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, కానీ నిజం.

ఒక రోజు మధ్యాహ్నం మూడు దాటింది. సీజను అయిపోవచ్చింది. పొద్దున్నుంచీ సన్నటి వాన, వాన వెనకాలే మంచు. కిటికీ అద్దాల అవతల వీధి లేదు. తడి కోట్ల వాసన, పాత చెక్క వాసన, వంటగదిలోంచి వేడి నూనె వాసన. లోపల ఒక్క ముసలి జంట మాత్రం ఉన్నారు. నాలుగో నంబరు టేబుల్ దగ్గర.

నేను వంటగది కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పిచ్చుక వాళ్ళ ప్లేట్లు పెడుతుంటే ముసలావిడ నవ్వుతూ అంది.

"మీ అమ్మగారా అమ్మా ఆవిడ? పోలికలు బాగా కొట్టొస్తున్నాయి."

"ఎవరండీ?"

"ఇందాక వచ్చి అడిగారుగా... శబ్దం ఏమైనా ఇబ్బంది పెడుతోందా అని. ఆకుపచ్చ ఏప్రన్."

పిచ్చుక చేతిలో ప్లేటు అలాగే ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా నా దగ్గరికి వచ్చింది. దాని మొహంలో చుక్క రక్తం లేదు.

"పిన్నీ, శబ్దం ఏంటి?"

"ఏ శబ్దమే? ముసలాళ్ళు ఏదో అంటారు."

"ఆవిడ అమ్మ ఏప్రన్ రంగు చెప్పింది."

"ఫొటోలో చూసి ఉంటుంది."

"గోడమీద అమ్మ ఫొటో లేదు. నువ్వే పెట్టనివ్వలేదు."

నేను పెనం వైపు తిరిగాను. అది ఒక్క నిమిషం నా వీపు చూస్తూ నిలబడి వెళ్ళిపోయింది. నూనెలో ముక్కలు మాడిపోతున్నాయి. తీసి, పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని బయటికి వచ్చేసరికి కౌంటరు దగ్గర ఎవరూ లేరు. పంపు కింద గ్లాసులో ఒట్టి నురగ. పీపా ఖాళీ.

సెల్లారు తలుపు తెరిచి ఉంది.

రెండేళ్ళలో ఆ తలుపు దాటి పిచ్చుకను ఒక్క అడుగు వేయనివ్వలేదు. తాళంచెవి నా నడుముకే ఉంటుంది. చూసుకున్నాను. నడుముకే ఉంది. పైప్రాణాలు పైనే పోయాయి.

పరుగెత్తాను. తలుపు లోపల చిన్న చావిడి, దాని తర్వాత కిందికి మెట్లు. స్విచ్చు నొక్కాను. వెలగలేదు. ఫోను వంటగదిలో ఉంది. వెనక్కి వెళ్ళడానికి మనసు ఒప్పలేదు. గోడ పట్టుకుని దిగాను. ఒక్కో మెట్టుకూ చలి పెరుగుతోంది. పులిసిన బీరు వాసన. తడిసిన సున్నం వాసన. ఎక్కడో నీటిచుక్క పడుతోంది... టప్... చాలాసేపటికి మళ్ళీ... టప్.

అలారం మీద పచ్చదీపం వెలుగుతూ ఉండాలి. వెతికాను.

లేదు.

"పిచ్చుకా..."

పలుకు లేదు. కణతల దగ్గర నొప్పి మొదలైంది. గాలి పీలుస్తున్నాను, కానీ లోపలికి ఏమీ వెళ్ళడం లేదు. ఆ సాయంత్రం నేల మీద చూసిన ఆకుపచ్చ ఏప్రన్ ముడి కళ్ళ ముందుకు వచ్చింది. ఈసారి కూతురు... తల్లి తర్వాత కూతురు... రెండూ నా చేతుల మీదుగానే...

అప్పుడు వినబడింది. ఎటునుంచో తెలియలేదు. మెత్తగా, మర్యాదగా.

"శబ్దం... ఏమైనా... ఇబ్బంది పెడుతోందా?"

నీటిచుక్క ఆగిపోయింది.

"శబ్దం ఏమైనా..."

"లేదక్కా," అన్నాను గొంతులోనే. "ఏ శబ్దమూ లేదు. పిల్లను వదిలెయ్యి."

చీకట్లో చేతులు చాచి తడుముకున్నాను. పీపా. గోడ. గొట్టం. పీపా... చేయి.

గట్టిగా పట్టుకున్నాను. చల్లగా ఉంది, కానీ తిరిగి నా చేతిని పట్టుకుంది. బతికే ఉంది! "రా తల్లీ, రా, పైకి పోదాం," అని లాగాను. కదల్లేదు. మళ్ళీ లాగాను. గోడలో పాతేసినట్టుంది. నా కాళ్ళలో సత్తువ పోతోంది.

"శబ్దం..."

ఇక నావల్ల కాలేదు. ఏడుస్తూ చెప్పేశాను.

"నేనే పీకేశానక్కా. అది కూస్తోందని, స్టార్లు పోతున్నాయని నేనే ప్లగ్గు పీకేశాను. నీకు చెప్పలేదు. నువ్వు పడి ఉంటే, నిన్ను దాటుకుని వెళ్ళి మళ్ళీ పెట్టాను. అప్పటికి నీకు ఊపిరి ఉందో లేదో కూడా చూడలేదు. చూడలేదక్కా..."

ఆ చేయి నా చేతిని ఒక్కసారి నొక్కింది. తర్వాత పిల్ల చేయి వచ్చినంత తేలిగ్గా నా వెంట వచ్చింది. అక్క క్షమించిందనుకున్నాను. మెట్లు ఎక్కుతూ ఎన్నాళ్ళకో గుండెల నిండా ఏడ్చాను. ఆఖరి మెట్టు దగ్గర పబ్బు వెలుతురు మొహాన పడింది. నా చేతిలో చేయి లేదు.

చావిడిలో, తలుపు వెనకాల, పిచ్చుక నిలబడి ఉంది.

దాని బుగ్గలు తడిగా ఉన్నాయి. ఎంతసేపటినుంచి అక్కడుందో అడగాల్సిన పని లేకపోయింది.

"తలుపు దానంతటదే తెరుచుకుంది," అంది. "దిగబోయాను. అమ్మ చేయి అడ్డం పెట్టింది."

"అక్క... ఇక్కడా?"

"నువ్వు మా ముందునుంచే పరుగెత్తావు. పిలుద్దామనుకున్నా. అమ్మ నోటిమీద వేలు పెట్టుకుంది."

కూతుర్ని ఆపింది. నన్ను మాత్రం దిగనిచ్చింది. నేను దానికి తగినదాన్నే, కాదనను.

"కింద నీ చేయి పట్టుకునే కదే మాట్లాడాను..."

"నేను దిగనేలేదు పిన్నీ."

"అయితే అక్క..."

"అమ్మ నా పక్కనే ఉంది. నువ్వు చెప్పిందంతా ఇద్దరం ఇక్కణ్ణుంచే విన్నాం." అది నా కుడిచేతి వైపు చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది. "కింద ఎవరున్నారు?"

మర్నాడు పొద్దున బస్సుకే వెళ్ళిపోయింది. ఎవరికీ చెప్పనంది. తిట్టనైనా తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గుమ్మం దగ్గర మాత్రం, "నీ చేతి ముద్ద ఇక నాకు దిగదు," అంది. పిన్నీ అని పిలవలేదు. బస్సు కిటికీలోంచి చూస్తే, పక్క సీటు ఖాళీగా ఉన్నా సంచీ ఒళ్ళోనే పెట్టుకుని, ఆ సీటు వైపు తిరిగి ఏదో చెబుతోంది. నవ్వుతోంది కూడా.

అప్పటినుంచి ఆకుపచ్చ ఏప్రన్ గురించి ఒక్క రివ్యూ రాలేదు. అక్క కూడా నన్ను వదిలి దాంతో వెళ్ళిపోయింది. ఇప్పుడు అందరూ ప్రశాంతంగా ఉందనే రాస్తున్నారు. స్టార్లు పెరిగాయి. నేను అందరికీ ఓపిగ్గా జవాబు రాస్తున్నాను.

పంపులు, పీపాలు, టేబుళ్ళు అన్నీ నావే ఇప్పుడు. రోజుకు రెండుసార్లు సెల్లార్లోకి దిగక తప్పదు. దీపం వెలుగుతూనే ఉంటుంది, అలారం సరిగ్గానే ఉంటుంది. అయినా దిగేటప్పుడు దేన్నీ తాకకుండా కుడిచేయి ఏప్రన్ జేబులో పెట్టుకుని, ఎడంచేత్తోనే పని చేసుకునేదాన్ని.

నిన్న పెట్టబోతే, జేబులో అప్పటికే ఒక చేయి ఉంది.