కోడ్ దొరికితే ఎట్లా?

హేమావతి తిప్పేష్‌తో మొదటిసారి మాట్లాడింది తిట్టడానికే. అదీ ఇంగ్లీషులో, పదిమంది చూస్తుండగా, ఫ్యాన్స్ గ్రూపులో.

గొడవ ఒక పాత గేమ్ గురించి. పేరు 'మెట్ట'. బటన్ ఫోన్ల కాలంలో వచ్చింది. చేను దున్నాలి, వేరుశనగ విత్తాలి, వాన కోసం చూడాలి. మబ్బు పడుతుంది, ఉరుముతుంది, వెళ్లిపోతుంది. అంతే. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కంప్యూటర్లలో తంటాలుపడి ఇంకా ఆడుకుంటున్న కొద్దిమంది అభిమానులు, ఆట రాసిన అసలు ప్రోగ్రామును, అదే సోర్స్ కోడ్‌ను, అందరికీ ఇచ్చేయమని పట్టుబట్టారు. పిటిషన్లు పెట్టారు, దొరికిన అడ్రసుకల్లా మెయిళ్లు కొట్టారు.

వాన పడకపోవడం ఆటలో తప్పనీ, కోడ్ చేతికొస్తే ముందు అదే సరిచేయాలనీ హేమావతి రాసింది. తప్పేం కాదు, కరువంటే అంతేనని తిప్పేష్ రాశాడు. ఏసీ గదుల్లో కూర్చుని కరువు మీద క్లాసులు పీకొద్దని ఆమె జవాబిచ్చింది.

ఆ సమయానికి తిప్పేష్ విడపనకల్లు బయట గాలిమరల కంట్రోల్ రూములో చొక్కా విప్పి విసురుకుంటున్నాడు. ఊళ్లకు కరెంటు పంపే చోట సీలింగ్ ఫ్యాన్ పాడైతే పట్టించుకునే దిక్కు లేదు. డ్యూటీలో రెండో మనిషి ఉండడు. కిటికీలోంచి చూస్తే గాలిమరలు, దూరంగా గొర్రెలు. నోరు విప్పి మాట్లాడేది ఫోన్లో సూపర్‌వైజర్‌తోనే. అందుకే ఆమె తిట్టు కూడా అతనికి తియ్యగానే అనిపించింది.

తర్వాత ఆమె ఆటలోని తన చేను ఫొటో పెట్టింది. అంత ఉరిమినా గింజ వేయలేదు. ఎందుకని ఎవరో ఢిల్లీ అబ్బాయి అడిగితే, విసుగులో తెలుగులోనే రాసేసింది: "పదును లేకుండా ఎవరప్పా విత్తేది?"

నేల లోపలిదాకా తడవనిదే విత్తనం ముట్టుకోని ఊళ్లు ఎక్కడుంటాయో తిప్పేష్‌కు తెలుసు. వెంటనే విడిగా మెసేజ్ పెట్టాడు: "మీది యా ఊరు?"

కళ్యాణదుర్గం. ప్రభుత్వ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. హైదరాబాద్ దొరబాబు అనుకున్నానని ఆమె, బెంగళూరు మేడమ్ అనుకున్నానని అతను. ఆనాటి నుంచి సాయంత్రాలు మారిపోయాయి. ఎవరికి మెయిల్ పంపాలి, ఆట రాసిన మనిషి ఎక్కడున్నాడు, మాటలన్నీ వీటి చుట్టూనే. తిన్నావా అని అడగడానికి కూడా ఇద్దరికీ కోడే సాకు.

అట్లాంటప్పుడు ఆ మనిషి తిప్పేష్‌కు దొరికాడు. శ్రీనివాసులు, పుట్టపర్తిలో లాడ్జి నడుపుతున్నాడు. మూసేసేటప్పుడు కంపెనీవాళ్లు ఆట హక్కులు ఆయనకే వదిలేశారట. పాత కంప్యూటర్ అటక మీదుంది, వచ్చి తీసుకోండన్నాడు ఫోన్లో.

తిప్పేష్ ఆ సంగతి హేమావతికి చెప్పలేదు.

చెబితే కోడ్ వస్తుంది. కోడ్ వస్తే పోరాటం అయిపోతుంది. ఆ తర్వాత ఏ వంకతో ఆమెకు మెసేజ్ పెట్టాలి? గుడ్ మార్నింగ్ పువ్వులా? మళ్లీ గాలిమరలు, గొర్రెలు, సూపర్‌వైజర్. ఏమైనా తెలిసిందా అని ఆమె అడిగినప్పుడల్లా లేదన్నాడు.

చివరికి శ్రీనివాసులే ఫోన్ చేశాడు. ఆదివారం అటక ఖాళీ చేస్తున్నారు, రాకపోతే ఆ కంప్యూటర్ గుజిరీకి పోతుంది. ఇంతమంది ప్రాణం పెట్టుకున్న ఆటను తన ఒంటరితనం కోసం పాత ఇనుములో కలపడానికి తిప్పేష్‌కు మనసొప్పలేదు. హేమావతికి అంతా చెప్పేశాడు. ఆమె నుంచి ఒకే ముక్క వచ్చింది: "ఆదివారం పుట్టపర్తి బస్టాండులో ఉండు."

మొదటిసారి చూసుకోవడం అట్లా జరిగింది. హేమావతి మనిషి పొట్టి, కోపం పొడుగు. ఎండకు గొడుగు వేసుకుని లాడ్జి దాకా ముందు ముందు నడిచింది.

శ్రీనివాసులు కోడ్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అందరికీ పంచుకోమన్నాడు. వాన ఎందుకు పడదని హేమావతి అడిగితే నవ్వాడు. ఆట రాసింది ఇద్దరి కోసం. రెండు ఫోన్లు కలిపి పక్కపక్క చేలు చేసుకుంటేనే మబ్బు నిలుస్తుంది. కంపెనీవాళ్లు తొందరలో ఫోన్లు కలిపే మెనూ తీసేసి అమ్మేశారు. వాన దానితోపాటే ఆగిపోయింది.

చెప్పడం ముగించి ఆయన ఆమెను పరకాయించి చూశాడు. "నీ గొంతు ఇనింటి కదమ్మా. ఉగాదికి ముందు ఫోన్ చేసినావు. వస్తానంటివి, మళ్ల రానేలేదు?"

హేమావతి గొడుగు మడవసాగింది. అది అప్పటికే మడిచి ఉంది.

బస్టాండు బెంచీ మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు.

"కోడ్ దొరికితే నాతో మాట్లాడవేమోనని భయపడినా," అన్నాడు తిప్పేష్. "ఆ రూములో నాకు నువ్వు తప్ప ఎవురూ లేరు. నువ్వంటే ఇష్టం."

ఆమె రోడ్డు వైపే చూసింది. "ఆఫీసులో పొద్దంతా జనమే. తిన్నావా అని అడిగేటోళ్లు ఒక్కరూ లేరు. నాకు మాత్రం భయముండదా?"

"మరి పొద్దుట్నుంచి ఆ కోపమేంది? నేను దాచినానని కాదా?"

"కాదు," అంది హేమావతి. "చెప్పేసినావని."

కళ్యాణదుర్గం బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్లిపోయింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.