గన్నేరు పూల వెనక

ఆ తలుపుకి బయట గడియ పెట్టింది ఎవరు?

పదకొండేళ్లుగా పరమేశ్వరి మనసులో నలుగుతున్న అనుమానం ఇదొక్కటే. దీపం పెట్టి అడిగింది. ఉపవాసం ఉండి అడిగింది. అమ్మవారు చెప్పలేదు.

ఈ సాయంత్రం జవాబు ఆమె చంకలో ఉంది. పూలు చుట్టే ప్లాస్టిక్ కాగితంలో ఒక కాన్వాసు బొమ్మ.

పరిగెత్తుతోంది...

మూడో అంతస్తు. రెండో అంతస్తు. మెట్ల మీద చీర కాళ్లకు అడ్డం పడుతోంది. కుచ్చిళ్లు ఎగదోపుకుంటుంది. యాభై నాలుగేళ్ల మోకాళ్లు మొరాయిస్తున్నాయి.

పైన తలుపు దభాలున తెరుచుకుంటుంది.

"రూబన్, ఆ పూలామె! బొమ్మ పట్టుకుపోతా ఉంది. మెట్ల మీద చూడు."

షణ్ముగం గొంతు. పైనున్న ఆర్ట్ గ్యాలరీ అతనిదే.

బూట్ల చప్పుడు. గబగబా దిగుతోంది. రూబన్ అతని గార్డు. నడుముకి పిస్తోలు. గంట క్రితం ఆమె తెచ్చిన పూల బుట్టలు పైకి మోసిపెట్టింది కూడా అతనే.

పరమేశ్వరి ఫోన్ చెవికి ఆనించుకుంటుంది.

"ప్రియా, కారెక్కడే?"

"బేస్‌మెంట్‌లో లా, పెద్దమ్మా. ఇంజిన్ ఆన్‌లోనే ఉంది. దొరికిందా?"

"దొరికింది. ఎనకాల బొట్టుంది."

మోహనప్రియ చెల్లెలి కూతురు. ఈ సైబర్‌జయ నగరంలోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడివాళ్ల అలవాటు. పోయిన వారం ఆ పిల్ల ఫోన్లోనే ఈ బొమ్మ ఫోటో కనపడింది. నీలం కూజాలో గన్నేరు పూలు. వాన్‌గో గీసిన చిత్రమట. ఇంతవరకూ లోకం చూడనిదట!

పరమేశ్వరి చూడగానే గుర్తుపట్టింది. ఆ కూజా తన వంటింటిది. ఆ గన్నేరు బంటింగ్ ఊళ్లో తన పెరటిది.

భర్త కాంతయ్య హోటళ్లకు వాన్‌గో పూలు గీసిపెట్టేవాడు. పొద్దుతిరుగుళ్లు, ఐరిస్‌లు, బాదం పూత. అచ్చం అదే కుంచె, అదే రంగు. షణ్ముగం ఆర్డర్లు తెచ్చేవాడు. పాత ఎస్టేటు షెడ్డులో పని. ఒకరోజు షెడ్డు తగలబడింది. కాంతయ్య లోపలే ఉండిపోయాడు. టర్పెంటైన్ అంటుకుందన్నారు. తలుపు ఉబ్బి బిగుసుకుందన్నారు. బొమ్మ ఒక్కటి కూడా మిగల్లేదని పోలీసులకు చెప్పింది షణ్ముగమే.

మరి ఈ గన్నేరు పూలు ఎలా బతికాయి?

మంటకు ముందే ఎవరో బయటికి తెచ్చారు. తెచ్చి...

రేపు పొద్దున బొమ్మ అమ్మకానికి విమానం ఎక్కుతోంది. ఎక్కిందంటే సాక్ష్యం పోయినట్టే.

బేస్‌మెంట్.

తెల్ల కారు. ఇరవై అడుగులు... పదిహేను...

టింగ్!

లిఫ్ట్ తలుపులు తెరుచుకుంటాయి. ఆమెకూ కారుకూ మధ్య షణ్ముగం. బాతిక్ చొక్కా. నుదుట విభూతి.

వెనక మెట్ల దగ్గర రూబన్. చేతిలో పిస్తోలు.

"పరమేశ్వరక్కా, నువ్వా?" షణ్ముగం నవ్వుతాడు. బంటింగ్‌లో తెలుగు తోటకూలీల ఇళ్ల లైన్ల పక్కనే పెరిగిన తమిళుడు. "యారో దొంగ అనుకున్నా. అడిగుంటే ఫోటో ప్రింటు ఒకటి ఫ్రేము కట్టించి ఇచ్చేవాణ్ణి గదా లా."

"నా మొగుడి సేతి పని నాకే ప్రింటేసి ఇస్తావేటి?"

"మొగుడా? ఇది వాన్‌గో అక్కా. బంటింగ్ కాంతయ్య కాదు."

పరమేశ్వరి ప్లాస్టిక్ లాగేస్తుంది. బొమ్మ వెనక్కి తిప్పుతుంది. కొట్లలో దొంగనోట్లు పట్టుకునే ఊదారంగు టార్చి తీస్తుంది.

వెలిగిస్తుంది.

మాసిన కాన్వాసు. కింది మూల... పసుపుపచ్చగా ఒక చుక్క మెరుస్తుంది! వేలి కొనంత.

"కొత్త గుడ్డ ఒచ్చిందంటే మొదట నేను ఎనకాల పసుపు బొట్టెట్టాలి. అంతవరకూ ఆయన కుంచె ముట్టడు. ఇది నా ఏలు. వాన్‌గోకి కూడా నేనే ఎట్టినానేటి?"

షణ్ముగం ముఖంలో నవ్వు ఆరిపోతుంది.

"సబ్బేసి కడిగినానే..."

"కంటికి పోనాది. ఈ లైటుకి పోదు. ఆ మూల కోసేస్తే సరిపోను గదా. ఎందుకు కొయ్యలేదు?"



"పసుపక్కా. మంగళం. కత్తి పట్టుకున్నా. చెయ్యి రాలే."

పరమేశ్వరి ఆ చేతినే చూస్తోంది.

రూబన్ పిస్తోలు కొంచెం దిగింది. "బాస్... ఆ రోజు షెడ్డు దగ్గరికి లారీ తోలింది నేను. లోపల ఎవరూ లేరన్నారు."

"వాయ్ మూడ్రా. నోరు ముయ్యి."

"చప్పుడైంది. రేకుల మీద వాన అన్నారు. మర్నాడు పేపర్లో చూసినా. అడగడానికి భయమేసింది. గడియ ఎవరు పెట్టినారు, బాస్?"

"నేనే పెట్టినా. లేకపోతే ఈ బొమ్మ నాదేనని ఊరంతా చాటేవాడు. చాలా? ఇంక కాల్చు. తర్వాత బొమ్మ తగలేద్దాం."

ఢాం!

పరమేశ్వరి కళ్లు మూసుకుంటుంది. నొప్పి లేదు.

తెరుస్తుంది.

నేల మీద షణ్ముగం. మోకాలు పట్టుకుని. వేళ్ల సందున రక్తం.

రూబన్ పిస్తోలు కింద పెట్టి, బూటుతో దూరంగా తోసేస్తాడు.

మోహనప్రియ కారు దిగి పరిగెత్తుకొస్తుంది. "పెద్దమ్మా, ఆంబులెన్స్, పోలీస్... నేను కాల్ చేస్తా."

"ఆగు."

"అక్కా... ప్లీజ్ లా..." షణ్ముగం మూలుగుతున్నాడు.

"రూబన్. ఆ సప్పుడు ఎంతసేపైంది?"

అతను తల దించుకుంటాడు. "లారీ స్టార్ట్ కాలే. పది నిమిషాలు తలుపు కొట్టినాడక్కా. తర్వాత ఆగిపోయింది."

"అయితే పది నిమిషాలయ్యాక సెయ్యి, ప్రియా."

ఇది తప్పేమో. అమ్మవారు ఒప్పుతుందో లేదో. రేపు దీపం పెట్టినప్పుడు అడగాలి.

బొమ్మని కారుకి ఆనిస్తుంది. ముందువైపు తిప్పుతుంది. ఇంతవరకూ చూసింది ఫోన్లో అరచేతంత ఫోటో. ఇందాక గ్యాలరీలో వెతికింది వెనకవైపు మాత్రమే.

గన్నేరు పూలు. ముద్దలు ముద్దలుగా రంగు. ఒక రెమ్మ గాలికి అప్పుడే కదిలినట్టుంది.

ఆ రోజు పొద్దున కాంతయ్య గుమ్మంలో నిలబడి అడిగాడు. "పరమేశూ, పూలు అయిపోనాయి. ఎలాగున్నాయో ఒకసారి సూసి సెప్పవా?" క్లాంగ్ బస్సు వచ్చేస్తోంది. "సాయంత్రం సూసి సెప్తానండి," అని వెళ్లిపోయింది.

షణ్ముగం ఏదో అంటున్నాడు. ప్రియ ఫోన్లో టైమ్ చూస్తోంది. ఆరు... ఏడు...

పరమేశ్వరి రేకు రేకూ చూస్తోంది. తొందరపడటం లేదు.

"బాగున్నాయండి," అంటుంది మెల్లగా.