పైన మనిషి ఉన్నాడు

ఊరి చివర స్విచ్చుల గది ఒకటుంది. చీకటి పడ్డాక లైన్‌మన్లు కూడా దాని తలుపు ముట్టరు. గాలి ఉండదు, వాన ఉండదు... ఉన్నట్టుండి లోపల హ్యాండిల్ దానంతటదే పైకి లేస్తుంది. వీధులన్నీ చీకటి. ఎవరు ఎత్తారో ఎవరూ చూడలేదు.

ఎవరై ఉంటారో మాత్రం అందరికీ తెలుసు. మా అల్లుడు.

మా అల్లుడు అక్కడే లైన్‌మన్‌గా చేశాడు. వాళ్ళ పనిలో ఒక కట్టుబాటు ఉంది. స్తంభం ఎక్కేవాడు ముందు ఆ హ్యాండిల్ ఎత్తి కరెంటు ఆపాలి. దానికి ఎర్ర బోర్డు తగిలించాలి. "పైన మనిషి ఉన్నాడు" అని రాసి ఉంటుంది దాని మీద. నేను కూడబలుక్కుని ఆ అక్షరాలు చదవగలిగేటప్పటికి అల్లుడు లేడు. తగిలించినవాడే దిగొచ్చి దాన్ని తీయాలి. ఇంకొకరు తాకకూడదు... ఎంతటివాడైనా సరే.

ఆ రోజు ఎవరో తీశారు. హ్యాండిల్ దించారు. అల్లుడు పైనే ఉన్నాడు.

"బోర్డు పెట్టకుండానే ఎక్కాడు. వాడి నిర్లక్ష్యమే" అని తేల్చేశాడు అక్కడి ఇంజనీరు. నా కూతురు ఆ మాట మోస్తూనే బతికింది. దాని కూతురు, నా మనవరాలు, నోరెత్తలేదు. చదువుకుంది. కరెంటు ఎక్కడ పోతోంది, ఎందుకు పోతోంది, పోకుండా నమ్మకంగా ఉండాలంటే ఏం చేయాలి — దాని మీదే పరిశోధన.

"ఇన్ని చదువులుండగా ఇదేం చదువే?" అంటే, "నాన్న ఎలా పోయాడో ఇందులోనే దొరుకుతుంది అమ్మమ్మా" అనేది.

తిరిగి తిరిగి చివరికి ఆ గదికే వచ్చింది. ప్రతి లైనుకీ కారణం దొరికింది... కొమ్మ తగలడమో, తీగ పాతబడడమో. ఈ ఒక్క లైనుకి దొరకలేదు. అప్పటి ఇంజనీరే ఇప్పుడు అక్కడ పెద్ద ఇంజనీరు. ఈ పిల్ల ఎవరి కూతురో ఆయనకు తెలియదు. కరెంటు పోయేది రాత్రుళ్ళే కాబట్టి చూడ్డానికీ రాత్రే వెళ్ళారు. అక్కడ జరిగింది మనవరాలు చెప్పినట్టే రాస్తున్నాను.

స్తంభం మీద తీగల జాయింటు చూడాలంది పిల్ల. వెంట వచ్చిన లైన్‌మన్లు ఇద్దరూ కదల్లేదు.

"మీసాలెందుకురా మీకు?" పెద్ద ఇంజనీరు నవ్వుతూ నడుముకి తాడు బిగించాడు. "నేనెక్కని స్తంభమా ఇది! చూడమ్మా, పైన దెయ్యం కనబడితే నీ పరిశోధనలోకి పంపిస్తాలే."

తనే హ్యాండిల్ ఎత్తాడు. తనే బోర్డు తగిలించాడు. ఎక్కాడు.

లైన్‌మన్లు కింద నిలబడి టార్చి పట్టారు. గదిలో పిల్ల ఒక్కతే. ఎదురుగా ఎర్ర బోర్డు...

తీసింది.

చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. టార్చి వెలుగులోకి ఎత్తి చూపించింది.

"సార్... ఇది కనబడుతోందా?"

పైనుంచి ఆయన గొంతు — "ఎందుకు తీశావమ్మా? పెట్టు... ముందు వెళ్ళి పెట్టు..."

"ఆ రోజు ఎవరు తీశారు సార్?"

"ఏ రోజు?"

"మా నాన్న పైన ఉన్న రోజు."

తాడు కిర్రుమంది. దిగుదామని ఒక కాలు కిందికి వేశాడాయన. పిల్ల మెల్లగా గది వైపు తిరిగింది. ఒక అడుగు వేసింది.

"ఆగమ్మా! నేనే... నేనే తీశాను! కరెంటు ఇమ్మని పైవాళ్ళు ఒకటే ఫోన్లు... దిగిపోయి ఉంటాడనుకున్నాను..."

"పెట్టకుండా ఎక్కాడన్నారుగా?"

"అబద్ధం! వాడు పెట్టాడు... పెట్టే ఎక్కాడు! నన్ను దిగనీ తల్లీ..."

లైన్‌మన్లు ఇద్దరూ విన్నారు. ఒకాయన తల మీది హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ మచ్చ తుడిచిపెట్టుకుపోయింది. ఇక చాలనుకుంది పిల్ల. బోర్డు మళ్ళీ తగిలిద్దామని కదిలింది —

ధడేల్!

గదిలో హ్యాండిల్ దిగింది.

పైన ఒకే ఒక్క కేక. పిల్ల పరిగెత్తి చూస్తే లోపల ఎవరూ లేరు. హ్యాండిల్ మాత్రం ఇంకా అదురుతోంది... ఎవరో కసికొద్దీ లాగి వదిలినట్టు.

ఆయన చావలేదు. తాడుకి వేలాడుతున్న మనిషిని కిందికి దించారు. ఒళ్ళంతా చెమట. ఊపిరి మాత్రం ఆడుతోంది.

"కరెంటు వచ్చేసి ఉండాలి కదే, ఎలా బతికాడు?" అన్నాను.

"ఆయన ఎక్కుతుండగానే పెద్ద కరెంటు స్టేషన్‌కి ఫోన్ చేసి, అక్కణ్ణుంచే లైను ఆపించాను అమ్మమ్మా. హ్యాండిల్ దించినా కరెంటు రాదు. భయపెట్టి నిజం చెప్పిద్దామనుకున్నానంతే. మనిషి ప్రాణంతో ఆడుకుంటానా?"

హమ్మయ్య అనుకున్నాను. దాని తల నిమిరాను.

"మీ నాన్న ఎంత నెమ్మదస్తుడో! చీమను కూడా చూసుకుని అడుగు వేసేవాడు. ఏదో కాస్త బెదిరించి వదిలేసి ఉంటాడులేవే."

అది నా చేయి గట్టిగా పట్టుకుంది. దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"లైను ఆపించిన సంగతి... నాన్నకి కూడా తెలియదు అమ్మమ్మా."